పరామర్శకు ఎవరూ రాని ఇల్లు

“మానవ భూగోళ శాస్త్రమా? అది చదివి ఏం చేస్తావమ్మడూ, వీధి చివర అట్లాసులు అమ్ముతావా?” అన్నాడు నాన్న.

ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్. నేను అకౌంట్లు చదవాలని ఆయన పట్టు. ఎక్కడి మనుషులు ఎలా బతుకుతారో చెప్పే చదువది. ఆయన సరే అనకపోతే నాకా కోర్సు లేదు. ఇంట్లో మిగిలిందే ఇద్దరం. అందులో ఒకరి మనసు కష్టపెట్టి చదివే చదువు నాకొద్దు.

అమ్మ కిందటేడు పోయింది. అప్పటికి మేం ఈ ఊరొచ్చి ఎన్నాళ్ళో కాలేదు. అంతా అయిపోయాక నాన్న మా వైపు పద్ధతిలో తలుపు దగ్గరగా వేసి, ముందుగదిలో కుర్చీలు గోడవారగా సర్దాడు. పలకరించడానికి ఎవరైనా వస్తారని నేను టీ కాచి ఫ్లాస్కులో పోశాను. మెట్ల మీద అడుగుల చప్పుడు వినపడగానే ఇద్దరం లేచి నిలబడేవాళ్ళం. ఆ అడుగులు మా గుమ్మం ముందు కాస్త ఆగి, మళ్ళీ వెళ్ళిపోయేవి. చివరికి చల్లారిన ఆ టీ నేనే తాగాను. అంత ఒంటరితనం నేనెప్పుడూ ఎరగను.

“మనిషి చచ్చినా పలకరించని జనం” అన్నాడు నాన్న. ఆ తర్వాత ఈ బిల్డింగులో ఎవరితోనూ మాట్లాడలేదు. భోజనానికి కూర్చున్నప్పుడల్లా వాళ్ళకి అక్షింతలు వేయడం మాత్రం మానలేదు.

ఈమధ్య పై అంతస్తులో పెద్దాయన పోయాడు. ఊరుకోవడానికి మనసొప్పక ఫ్లాస్కు పట్టుకుని బయల్దేరాను. ఎదురింట్లో ఉండే కళ్ళజోళ్ళ షాపావిడ మెట్ల దగ్గర చెయ్యి పట్టుకుని ఆపింది.

“ఇప్పుడే వద్దమ్మా. ఇక్కడి పద్ధతి వేరు. వాళ్ళు తలుపు బార్లా తెరిచి పెట్టాక వెళ్దాం. అంతకుముందే బెల్లు కొడితే, వాళ్ళని కరువుతీరా ఏడవనివ్వనట్టే.”

“మా అమ్మ పోయినప్పుడు కూడా అందుకేనా రాలేదు?”

“మీ గుమ్మం దాకా వచ్చి చూసి వెళ్ళేవాళ్ళం. ఎప్పుడూ మూసే ఉండేది. మీకు మేం రావడం ఇష్టం లేదనుకున్నాం.”

ఫ్లాస్కు పక్కన పెట్టి అక్కడే మెట్టు మీద కూర్చున్నాను. తలుపుకి అవతల వాళ్ళు, ఇవతల మేము, ఒకరి కోసం ఒకరం కాచుకుని ఉన్నాం. చెడ్డవాళ్ళు ఒక్కరూ లేరు. అయినా మాకు ఎవరూ లేకుండా పోయారు. ఎక్కడి మనుషులు దుఃఖంలో ఎలా మసలుకుంటారో తెలిసినవాళ్ళు మా ఇంట్లో ఒక్కరున్నా అలా జరిగేది కాదు. అట్లాసులు అమ్ముకునైనా సరే, ఆ ఒక్కరూ నేనవ్వాలనుకున్నాను.

ఈ సంగతంతా నాన్నకి చెప్పాను. ఆయన చేతుల గ్రీజు తుడుచుకుంటూ విన్నాడు. మధ్యలో తుడవడం ఆపేశాడు.

“గుమ్మం దాకా వచ్చేవాళ్ళా?”

“వచ్చేవాళ్ళు నాన్నా.”

చేతిలో గుడ్డ పక్కన పెట్టి, “సరే, అదే చదువుకో” అన్నాడు. నాకు సంతోషం కలగాలి. కలగలేదు. ఆయన మొహం అలా ఉంది.

“ఇన్నాళ్ళూ వాళ్ళ మీద కోపంతోనే రోజులు నెట్టానమ్మడూ. అది కూడా లేకుండా చేశావు. ఇక మీ అమ్మ లేదన్నదొక్కటే మిగిలింది.”