చెయ్యి కాలని పళ్ళెం

పెద్ద సార్లూ, పిల్లలను మంచాన పడేసింది మీరు. ఆ నేరాన్ని తెచ్చి మొగిలమ్మ చేతులకు పూసిందీ మీరే. చల్లటి గదుల్లో కూర్చుని ఇంకొకరి చేతులు మురికివని చెప్పడం మీకు బాగా అలవాటైంది. ఆ చేతులేం చేశాయో, మీరేం చేశారో వినండి.

మడికొండ దాటాక ఉన్న ఆడపిల్లల హాస్టల్ బడిలో బోళ్లు తోమేది మొగిలమ్మ. పీచు పోయి బోళ్లు కడిగే మిషన్ వచ్చినప్పుడు ఆమెకు దాని మీద నమ్మకం కుదరలేదు. స్టీలు పళ్ళాలను జాలీ బుట్టలో నిలబెట్టి లోపలికి తోసి, మూత కిందికి లాగాలి. పైనుంచీ కిందనుంచీ సబ్బునీళ్లు రాళ్లవానలా కొడతాయి. అది ఆగాక, పక్కనున్న చిన్న హీటర్ పెట్టెలో సలసల కాగిన మంచినీళ్లు వచ్చి కడిగేస్తాయి. మూత ఎత్తితే ఆవిరి మొహానికి తగిలేది. పళ్ళెం పట్టుకుంటే చెయ్యి చురుక్కుమనేది. గుడ్డతో పనిలేదు, ఆ వేడికే తడి ఆరిపోయేది.

ఆ చురుకే ఆమెకు విసుగు. కరెంటు పనులు చూసే సదానందం కనపడితే చాలు, "జర ఆ వేడి తగ్గియ్యి తమ్మీ, చేతులు బొబ్బలెక్కుతానయ్" అనేది. అతను నవ్వి వెళ్లిపోయేవాడు.

ఎండలు ముదిరాక ఒకనాడు పళ్ళాలు చల్లగా బయటికొచ్చాయి. మొగిలమ్మ సంబరపడింది. తడి ఉంటే గుడ్డతో తుడిచి దొంతర పేర్చింది. అన్నిటికీ అదే గుడ్డ. వంటచేసే తాహెరా బేగం, "నీ మొర అల్లా ఇన్నడక్కా" అని నవ్వింది. ఎందుకు చల్లబడ్డాయని ఇద్దరిలో ఒక్కరూ అడగలేదు.

కొద్దిరోజులకే పిల్లలకు వాంతులు, విరేచనాలు. ఆటోల్లో దవాఖానకు మోశారు. కూర మంచిదే, తాగే నీళ్లూ మంచివే, పళ్ళాలే కంపు కొడుతున్నాయని చూడవచ్చిన డాక్టర్లు తేల్చారు. ప్రిన్సిపాల్ రాజేశ్వర్ రావు వంటగది గడప దాటకుండా ముక్కు మూసుకున్నాడు.

"మిషన్ పెట్టిచ్చినా మీ గలీజు అలవాట్లు పోలేదు. సోమవారం నుంచి నువ్వు పనికి రాకు."

ఆ మధ్యాహ్నం నుంచి మొగిలమ్మకు అందరి మీదా అనుమానమే. సబ్బు డబ్బా మూత తీసి, నీళ్లు కలిపారేమోనని వాసన చూసింది. ప్రిన్సిపాల్ గదిలోంచి తల దించుకుని వస్తున్న తాహెరాను చూసింది. దీన్నెందుకు పిలిచినట్టు? అడిగితే, "ఏం లేదక్కా" అని పప్పులో గరిటె తిప్పుతూ మొహం దాచుకుంది.

మళ్లీ ఓ బుట్ట లోపలికి తోసి మూత ఎత్తింది. ఆవిరి లేదు. చిన్న పెట్టె మీద ఎప్పుడూ వెలిగే ఎర్ర లైటు లేదు. నా మాట విని సదానందమే ఆర్పేశాడా? పిల్లలను పడగొట్టింది నా నోరేనా?

సదానందాన్ని వెతికి మిషన్ దగ్గరికి పట్టుకొచ్చింది.

"ఆ ఎర్ర లైటు ఎందుకు ఎలుగుతలేదు తమ్మీ?"

"నువ్వే కదనే అక్కా వేడి తగ్గియ్యమన్నవ్." అతను ఆమె మొహం చూడలేదు.

"ఇన్నొద్దులు ఇననోనివి, గిప్పుడెట్ల ఇన్నవ్?"

"ఎవలడిగినా గట్లనే చెప్పుమన్నరు. నన్ను ఇడిశిపెట్టక్కా."

అతని చూపు ఒక్కసారి గోడమీదికి పోయి వచ్చింది. మొగిలమ్మ అటే చూసింది. మిషన్ వెనక నుంచి ఒక కొత్త వైరు కిటికీలోంచి బయటికి పోయింది. దాని వెంట నడిచింది. వరండా అంతా పాకి, ప్రిన్సిపాల్ గది గోడలో దూరింది. ఆ గోడకు కొత్త ఏసీ, దాని కింద నీళ్ల చుక్కలు.

వెనకే వచ్చిన సదానందం గొణిగాడు. "ఏసీ, హీటర్ రెండూ ఒక్కసారి ఏస్తే కరెంటు ట్రిప్ కొడతాంది. ప్రిన్సిపాల్ సారే హీటర్ బంద్ పెట్టుమన్నడు. సబ్బునీళ్లు ఉన్నయ్ కదా, సాలన్నడు."

అప్పుడు తాహెరా వరండాలోకి వచ్చింది. "నన్ను పిలిచింది గందుకే అక్కా. మొగిలమ్మే వేడి వద్దన్నదని సాక్ష్యం చెప్పుమన్నడు. నా నౌకరీ పోతదని భయపడ్డ."

"మరి గిప్పుడు?"

"నడువు, నేను గూడ వస్త."

మొగిలమ్మ తడి పళ్ళెం ఒకటి, దాన్ని తుడిచిన గుడ్డ తెచ్చి రాజేశ్వర్ రావు బల్లమీద పెట్టింది. ఆయన కుర్చీ వెనక్కి జరిపాడు.

"వాసన చూడు సారూ. చేతులు కాలుతలెవ్వని సంబురపడ్డ, ఎందుకని అడగలే. అదే నా తప్పు, ఒప్పుకుంట. నీ తప్పు నా మీదెయ్యకు. ఈ ఏసీ వైరు ఇప్పుడే పీకియ్యి. హీటర్‌కు కరెంటు ఇయ్యి. పిల్లల అమ్మానాయినలను పిలిచి, పళ్ళాలు ఎందుకు పాడైనయో నీ నోటితోని నువ్వే చెప్పు. ఆ ఎర్ర లైటు ఎలిగేదాక గుండిగల నీళ్లు మసలబెట్టి నేనే కడుగుత. సోమారం గూడ వస్త, ఆ తెల్లారి గూడ వస్త. ముందుగాల లేచి ఆ ఏసీ బంద్ చెయ్యి."