యాంటెన్నా కడ్డీ

తన పాత కారు తాళంచెవి ఇంకొకరి చేతిలో పెట్టే రకం కాదు మామగారు. కానీ విరిగిపోయిన రేడియో యాంటెన్నా కడ్డీని మార్చాలంటే ఇద్దరు మనుషులు కావాలి. బయట ఒకరు కొత్త కడ్డీని నిలబెడితే, లోపల ఇంకొకరు రేడియో కట్టెయ్యాలి. అప్పుడు యాంటెన్నా మోటారే దాన్ని లోపలికి లాక్కుంటుంది. విధిలేక కోడలిని డ్రైవరు సీట్లో కూర్చోబెట్టాడు.

కడ్డీ అడుగునున్న రంపంలాంటి పళ్లున్న ప్లాస్టిక్ తాడును కారు మీది కన్నంలోకి దూర్చి, "ఊఁ, కట్టెయ్!" అని కేకేశాడు.

మోటారు టకటకా కొట్టుకుందే గానీ కడ్డీ అంగుళం కూడా దిగలేదు. మళ్లీ రేడియో పెట్టి కట్టేసినా అంతే.

"ఆ కొట్టువాడి మొహం మండ! పనికిరానిది అంటగట్టాడు!"

కోడలు కిటికీలోంచి తల బయటపెట్టి చూసింది. ఆయన రెండు చేతులతో కడ్డీని ఉడుంపట్టు పట్టుకుని ఉన్నాడు.

"మీరు వదిలితేగా మామయ్యగారూ, అది దిగేది!"

"వంగిపోతుందేమోనని..." అని గొణుగుతూ పట్టు సడలించాడు. కోడలు రేడియో పెట్టి కట్టెయ్యగానే, ఈసారి కడ్డీ పుట్టలోకి పాములా సర్రున దిగిపోయింది. రేడియో పెట్టగానే నిటారుగా పైకి లేచింది, పాట ఖంగుమంది. "హమ్మయ్య!" అంటూ ఆయన నుదుటి చెమట తుడుచుకున్నాడు.

కోడలు తాళంచెవి తీసి ఇవ్వబోయింది. ఆయన చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఉంచమ్మా. అలా ఒక చుట్టు తిప్పుకురా."

కారు వీధి మలుపు తిరిగేదాకా ఆయన చూపు మాత్రం ఆ కడ్డీని వదల్లేదు.