బెరిల్ తుంటి ఉపసంఘం

ఇంగ్లండులో మా పల్లె నెదర్ విక్కమ్‌లో తీరిక దొరికేది ఉద్యోగాలు చేసుకునేవాళ్ళకు మాత్రమే. నేను పట్నంలో ఒక బడి ఆఫీసులో పనిచేస్తాను కాబట్టి సాయంత్రం ఇంటికొచ్చి కాళ్ళు చాపుకుని కూర్చోగలను. పక్కింటి బెరిల్, డెరెక్‌లకు ఆ అదృష్టం లేదు. పాపం, వాళ్ళిద్దరూ రిటైరై పదకొండేళ్ళయింది.

బెరిల్‌కు డెబ్బై మూడేళ్ళు. వారం విడిచి వారం, బుధవారాల్లో ఊరి హాల్లో ‘పెద్దవాళ్ళ భోజనం’ వండి పెడుతుంది. తినేవాళ్ళలో సగం మంది ఆమె కన్నా చిన్నవాళ్ళే. చర్చిలో పూలు ఏ వారం ఎవరు పెట్టాలో ఆమె చూస్తుంది, ఎవరూ పెట్టకపోతే ఆమే పెడుతుంది. ఊరి హాలు తాళాలు ఆమె దగ్గరే ఉంటాయి. ఆగస్టులో జరిగే పూలూ కూరగాయల ప్రదర్శనకు ఎంట్రీలు తీసుకునేదీ ఆమే. ఆనపకాయ మూడు అంగుళాలు పొడవెక్కువైందని ఎవరి మీద ఎవరు ఫిర్యాదు చేసినా ఆ కాగితం ఆమెకే వస్తుంది.

డెరెక్ పనులు ఆరుబయట. పొలాల మధ్య కాలిబాటల్లో ముళ్ళకంపలు కొడతాడు. మంగళవారం సాయంత్రాలు మరికొందరితో కలిసి చర్చి గంటలు కొట్టటం సాధన చేస్తాడు. గురువారం పొద్దున పచ్చగా మెరిసే కోటు వేసుకుని, వేగం కొలిచే తుపాకీ పట్టుకుని రోడ్డు పక్కన నిలబడతాడు. ఆ రోడ్డు మీద గంటకు నాలుగు కార్లు వస్తే ఎక్కువ. పోయినేడు పట్టుబడినవాళ్ళు మొత్తం ఇద్దరు. ఒకరు పోస్టుమ్యాను. రెండోది బెరిల్, పూలు వాడిపోతున్నాయని తొందరపడింది. డెరెక్ ఆమె కారు నంబరు కూడా రాసుకుని పోలీసులకు పంపించాడు.

బెరిల్ ఎడమ తుంటి అరిగిపోయి రెండేళ్ళయింది. చర్చి మిట్ట ఎక్కుతూ మూడు చోట్ల ఆగి, గోడల వంక ఎంతో ఆసక్తిగా చూస్తుంది. ఆ గోడల్లో చూడదగ్గదేమీ లేదు. ఒకసారి మా గేటు పట్టుకుని నిలబడిపోయింది. మొహం సున్నం కొట్టినట్టుంది. ‘ఏమైంది?’ అంటే ‘నీ గులాబీలు ఎంత బావున్నాయో’ అంది. నాకు గులాబీలు లేవు.

ఆగస్టు మొదటి శుక్రవారం, బెరిల్ పంపిన కూర గిన్నె తిరిగి ఇద్దామని నేను వాళ్ళింటికి వెళ్ళేసరికి ఆమె అప్పుడే ఆసుపత్రి వాళ్ళతో మాట్లాడి ఫోన్ పెట్టేసింది.

“తుంటి ఆపరేషన్ పద్నాలుగో తారీఖున చేస్తారట. ఎవరో జలుబు చేసి మానుకున్నారట. బుధవారం మధ్యాహ్నం పన్నెండులోగా అవునో కాదో చెప్పాలి. లేదంటే మళ్ళీ వరుసలో చివరికి.”

“చివరంటే ఎప్పుడు?”

“వచ్చే ఏడు శీతాకాలం అంది. అదీ ‘చూద్దాం’ అంది.”

“ఇంకేం మరి, వెళ్ళండి” అన్నాను.

మొగుడూ పెళ్ళాం ఇద్దరూ నా వంక చూశారు, ఏదో చంటిపిల్ల మాట్లాడినట్టు.

“పద్నాలుగంటే ప్రదర్శనకి తొమ్మిది రోజుల ముందు, లినెట్” అన్నాడు డెరెక్, చావుకబురు చెప్పే గొంతుతో.

“ఆరు వారాలు వంగకూడదు, కారు నడపకూడదు, బరువెత్తకూడదు. మొదటి రెండు వారాలూ ఇంట్లో ఎప్పుడూ ఒక మనిషి ఉండాలట” అంది బెరిల్.

“డెరెక్ ఉన్నారుగా?”

“నేను ఉంటాననుకో” అన్నాడు డెరెక్. “మంగళవారం తప్ప. గురువారం పొద్దున తప్ప. ముళ్ళకంపలు ఏపుగా పెరిగేది ఇప్పుడేగా, కాబట్టి మిగతా పొద్దుటిపూటలు కూడా...”

“మొత్తానికి నిద్రపోయేటప్పుడు ఉంటాడు” అంది బెరిల్.

అసలు చిక్కు డెరెక్ కాదు. మా ఊళ్ళో ఒక చట్టం ఉంది, ఎక్కడా రాసి లేదు. ఒప్పుకున్న పని వదులుకోవాలంటే నీ బదులు మనిషిని నువ్వే వెతికి పెట్టాలి. చావుకి మాత్రం మినహాయింపు ఉంది, దానికీ మొహాలు ముడుచుకుంటారు. చర్చిలో ఆర్గన్ వాయించే ఎథెల్ పోయిన రోజు నేను విన్న మొదటి మాట, “సరిగ్గా ఈస్టరు పండగకి ముందా పోవటం!”

శనివారం బెరిల్ మనుషుల్ని వెతకటానికి బయల్దేరింది. ఊళ్ళో ఖాళీగా ఉన్నది నేనొక్కదాన్నే కాబట్టి కారు నాదే.

మొదట ఫెలిసిటీ ఇల్లు, పూల పని అప్పగించటానికి. ఫెలిసిటీ టమాటా మొక్కల మధ్యనుంచి చేతులు చాపుకుంటూ వచ్చింది.

“అయ్యో తల్లీ, తుంటా! మా అక్కకి చేశారుగా, ఇప్పుడు డాన్సు చేస్తోంది. పూలదేముంది బెరిల్, నేను చూసుకోనూ? అక్టోబరునుంచి మొత్తం నాదే.”

“ఇది ఆగస్టు, ఫెలిసిటీ.”

“ఆగస్టులో సెలవులకి మేం కార్న్‌వాల్ వెళ్తున్నాంగా! మంచిదానివి, గుర్తుచేశావు. ఈ నెల నా వంతు వారం కూడా నువ్వే పెట్టెయ్. డేలియాలు నా తోటలోనే కోసుకో, మొహమాటపడకు.”

“అలాగే, చాలా థాంక్స్” అంది బెరిల్. దేనికి థాంక్స్ చెప్పిందో కారెక్కాక కూడా చెప్పలేకపోయింది.

తరవాత వెర్నన్. భూగోళం మాస్టారుగా రిటైరైన మనిషి, పొడుగ్గా, దిగులుగా ఉంటాడు. బుధవారం భోజనాల సంగతి ఎత్తగానే ఆయన దిగులు ఇంకో జానెడు పెరిగింది.

“చేసేవాణ్ణే బెరిల్. కానీ ప్రదర్శనలో జామ్ సీసాలకి చీటీలు అతికించే పనికి నేనే మనిషి కోసం చూస్తున్నా. కూర్చుని చేసే పని. తుంటి బాగోలేనివాళ్ళకి ఇంతకన్నా మంచి పని ఉంటుందా చెప్పు!”

నాలుగు పనులు వదిలించుకుందామని బయల్దేరిన మనిషి ఆరు పనులతో ఇంటికొచ్చింది.

“కుదరదని ఎందుకు చెప్పరు మీరు?” అని కోప్పడ్డాను.

“అంత మర్యాదగా అడిగితే ఎలా చెప్పనే?”

ఆదివారం ప్రార్థన కాగానే కబురు ఆంబ్రోస్ ట్విడీ గారి చెవిన పడింది. ఈయన హాలు కమిటీ అధ్యక్షుడు. ముప్ఫయ్యేళ్ళు పళ్ళ డాక్టరుగా చేశాడు కనుక ఎదుటివాళ్ళు జవాబు చెప్పలేని స్థితిలో మాట్లాడటం ఆయనకు అలవాటు.

“ఇంత భారం నువ్వొక్కదానివే మోస్తావా, బెరిల్? ఊరు ఉన్నది ఎందుకు?” అని ఆ సాయంత్రమే హాల్లో అత్యవసర సమావేశం పెట్టించాడు. తలుపు తాళం బెరిల్ వచ్చి తీసింది. కుర్చీలు బెరిల్ వేసింది. టీ బెరిల్ పెట్టింది.

ఫెలిసిటీ, వెర్నన్, డెరెక్‌లతో సహా తొమ్మిది మందిమి వచ్చాం. బెరిల్ తుంటి విషయమై ఒక ఉపసంఘం వెయ్యాలని అందరం ఏకగ్రీవంగా ఒప్పుకున్నాం. సంఘానికి కార్యదర్శి కావాలి కదా. ఎప్పటిలాగే అందరం బెరిల్ వంక చూశాం. పెన్ను తెచ్చుకున్నది ఆమె ఒక్కతే.

ఆ విధంగా ఆమె తన తుంటి గురించి తనే మినిట్స్, అంటే సమావేశంలో ఎవరేమన్నారో ఆ వివరాలు, రాసుకోవటం మొదలుపెట్టింది. ఈ ఉపసంఘం హాలు కమిటీ కిందికి వస్తుందా, గ్రామ సభ కిందికి వస్తుందా అని నలభై నిమిషాలు చర్చ జరిగింది. త్వరగా కోలుకోవాలని కార్డు పంపాలా, ఆపరేషన్‌కి ముందు పంపితే అపశకునమా అని ఇరవై నిమిషాలు. కార్డు ఎవరు కొనాలన్న దగ్గర చర్చ ఆగిపోయింది.

“మరి ఆ పనులు...” అని బెరిల్ నోరు తెరిచింది.

“అందరం ఆలోచిస్తాం” అన్నాడు ఆంబ్రోస్. “ఎవరి మీదా ఒత్తిడి వద్దు. విషయం అత్యవసరం కనుక మినిట్స్ రేపే మెయిల్ చెయ్యి. మంగళవారం సాయంత్రం ఆరులోగా ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే ఆమోదించినట్టే.”

బెరిల్ ఆయన వంక ఒక క్షణం చూసింది. తరవాత తలవంచి రాసుకుంది. చాలాసేపు రాసుకుంది.

సోమవారం పొద్దున మూడు పేజీల మినిట్స్ వచ్చాయి. ‘ఎంత చక్కగా రాశారో!’ అని వెంటనే జవాబిచ్చాను. ‘ఎప్పటిలాగే నిర్దుష్టం’ అని ఆంబ్రోస్ రాశాడు. వెర్నన్ బొటనవేలి బొమ్మ పెట్టాడు. ‘ఆమోదించవలసిందిగా ప్రతిపాదిస్తున్నాను’ అని డెరెక్ పై గదిలోంచి కింద గదిలో ఉన్న భార్యకు మెయిల్ పంపాడు. మంగళవారం ఆరుంబావుకి ఆ మూడు పేజీలూ హాలు బయట నోటీసు బోర్డుకి ఎక్కాయి.

బడికి వేసవి సెలవులు కాబట్టి బుధవారం పొద్దున ఉత్తరం పోస్టు చేద్దామని వెళ్తే బోర్డు ముందు ఫెలిసిటీ, వెర్నన్ నిలబడి ఉన్నారు. ఇద్దరి నోళ్ళూ తెరుచుకుని ఉన్నాయి.

“లినెట్, ప్రదర్శన ఎంట్రీలు నువ్వు తీసుకుంటున్నావటగా” అంది ఫెలిసిటీ. “ఎంత ధైర్యమే నీకు!”

బోర్డు అద్దం మీదికి వంగి చదివాను. ‘నాలుగు. ఎంట్రీల బాధ్యతను లినెట్ సంతోషంగా అంగీకరించారు.’ ఆ ‘సంతోషంగా’ దగ్గర నాకు ఒళ్ళు మండింది. ఆ కింద, ‘అయిదు. ఇటువంటి అవకాశం కోసమే ఎదురుచూస్తున్నానంటూ వెర్నన్ బుధవారం భోజనాలను, జామ్ సీసాల చీటీలను తానే చూసుకుంటానన్నారు. సభ్యులు చప్పట్లు కొట్టారు.’ పూలు ఆగస్టు, సెప్టెంబరు రెండు నెలలూ ఫెలిసిటీవి, కార్న్‌వాల్‌లో ఉన్నప్పుడు ఆమె భర్తవి. తాళాలు అధ్యక్షుల దగ్గర ఉండటమే సబబని అధ్యక్షులవారే సూచించారట.

“నేనెప్పుడన్నాను ఈ మాట?” అన్నాడు వెర్నన్ నీరసంగా.

“అనలేదా?”

“ఏమో. అన్నానేమో. చప్పట్లు కొట్టారా మీరు?”

“కొట్టే ఉంటాం” అంది ఫెలిసిటీ. తరవాత గొంతు సర్దుకుని, “మినిట్స్ వచ్చినప్పుడు నువ్వు చదివావుగా?”

“చదవకేం! అక్షరం అక్షరం చదివాను” అన్నాడు వెర్నన్. “నువ్వు?”

“రెండుసార్లు.”

ఇద్దరూ నా వంక తిరిగారు.

“నేనూ చదివాను” అన్నాను.

వాన వచ్చేలా ఉందని చెప్పుకుని ఎవరి దారిన వాళ్ళం వెళ్ళిపోయాం.

నేను మాత్రం సరాసరి బెరిల్ ఇంటికే వెళ్ళాను. పదకొండున్నరయింది. భోజనాలు లేని బుధవారం కాబట్టి వంటింట్లో కూర్చుని ఉంది, ఎదురుగా ఫోను.

“జాలిపడటానికొచ్చావా, తిట్టటానికొచ్చావా?”

“తిట్టటానికే. నేను సంతోషంగా అంగీకరించానట!”

“మరేం రాయమంటావ్? పళ్ళు కొరుక్కుంటూ అంగీకరించింది అనా?”

“అన్నీ పచ్చి అబద్ధాలు, బెరిల్. ఎవరైనా చదివి ఉంటే?”

“పదకొండేళ్ళుగా రాస్తున్నాను. ఒక్క ప్రాణి చదివితే ఒట్టు. నాలుగేళ్ళ కింద క్రిస్మస్ సమావేశం మధ్యలో, చూద్దామని, మాంసం కూర ఎలా వండాలో రాశాను. నిర్దుష్టం అన్నాడు ఆంబ్రోస్.”

నవ్వాను. ఆమె నవ్వలేదు. బల్ల మీది గుడ్డను నాలుగు మడతలు పెట్టి, విప్పి, మళ్ళీ పెట్టింది.

“పోయిన వారం స్నానాల తొట్టిలోంచి లేవలేకపోయానే. ఎంత ప్రయత్నించినా కాలు రాలేదు. మంగళవారం కదా, డెరెక్ గంటలు కొట్టటానికి వెళ్ళాడు. నీళ్ళు చల్లారిపోయాయి. అలా కూర్చుని ఆ చర్చి గంటలే వింటూ ఉన్నాను, నలభై నిమిషాలు. బాగానే కొట్టారులే.”

“ఆయనకి చెప్పారా?”

“వచ్చీ రాగానే పెద్ద గంట తాడు అరిగిపోయిందని చెప్పటం మొదలెట్టాడు. ఇంకేం చెప్తాను?”

తిట్టటం పక్కనపెట్టి ఫోను ఆమె వైపు జరిపాను. ఆమె ఫోను తీసి ఆసుపత్రి నంబరు నొక్కింది. పేరు చెప్పింది, పుట్టినరోజు చెప్పింది, వస్తానంది. తరవాత ఒక్క నిమిషం ఆగమని అవతలి మనిషికి చెప్పి, వాకిలి వైపు చూసింది. డెరెక్ అప్పుడే చేతిలో పెద్ద కత్తెరతో, చొక్కా నిండా ముళ్ళతో లోపలికి వచ్చాడు.

“మొదటి రెండు వారాలు ఇంట్లో ఎవరుంటారని అడుగుతోంది” అంది బెరిల్.

“నేనుంటానని చెప్పు. మంగళవారం ఒక్కటీ...”

“ఏడో అంశం” అంది బెరిల్.

“ఏమిటి ఏడో అంశం?”

ఆమె నా వంక చూసింది. నేను నా ఫోనులో ఆ మెయిల్ వెతికి పైకి చదివాను. “ఏడు. గంటలు, కాలిబాటలు, వేగం తుపాకీ, ఈ మూడు పనులనుంచీ ఆరు వారాలు తప్పుకుంటానని డెరెక్ తనంతట తానే ముందుకు వచ్చారు. నా భార్య పక్కన ఉండటం కన్నా నాకు ముఖ్యమైన పని లేదు అని ఆయన అన్నారు. ఇద్దరు సభ్యుల కళ్ళు చెమర్చాయి.”

అవతల ఆసుపత్రి మనిషి “హలో, ఉన్నారా?” అంటోంది. డెరెక్ చేతిలో కత్తెర ఒకసారి తెరుచుకుని మూసుకుంది.

“ఆ మాట నేనన్నానా?”

“నువ్వు చదవలేదా?” అని అడిగింది బెరిల్, చాలా మెల్లిగా. “ఆమోదించమని ప్రతిపాదించింది నువ్వే.”

అతను ఆమె వంక చూశాడు. బల్ల అంచు పట్టుకుని ఒక పక్కకి ఒరిగి కూర్చున్న ఆమె తీరును, నాకు తెలిసి, అప్పుడే మొదటిసారి చూశాడు.

“చదివాను” అన్నాడు డెరెక్. కత్తెర కిందికి దించి, మళ్ళీ అన్నాడు, “నేనే అన్నాను.”

బెరిల్ ఫోను చెవి దగ్గర పెట్టుకుంది. “ఉంటాడండీ. మా ఆయన ఉంటాడు. రోజంతా ఉంటాడు.”

డెరెక్ కత్తెర గుమ్మం పక్కన ఆనించి, చేతులు కడుక్కుని, కెటిల్లో నీళ్ళు పట్టాడు. తరవాత ఒక అల్మరా తెరిచాడు. దాన్ని మూసి ఇంకోటి తెరిచాడు. నలభై ఆరేళ్ళు సంసారం చేసిన ఆ వంటింటి మధ్యలో నిలబడి, ఆసుపత్రి మనిషికి వినబడకుండా గొంతు తగ్గించి నన్ను అడిగాడు, “లినెట్, మా టీ ఎక్కడ ఉంటుందో నీకేమన్నా తెలుసా?”