మొత్తం చొక్కా

సూపర్‌వైజరు వచ్చి మిషను పక్కన నిలబడేసరికి ఆమె కాలు పెడలు మీదే బిగుసుకుపోయింది.

"ఫోను తీసుకుని గదిలోకి రా," అన్నాడు.

వరసలో మిషన్లన్నీ ఆడుతూనే ఉన్నాయి. ఒక్క తలా పైకి లేవలేదు.

ఆ కుట్టు ఫ్యాక్టరీలో ఆమెను అందరూ చేతులక్క అంటారు. పెళ్లయిన ఏడాది చేరింది. ఇప్పుడు కూతురు కాలేజీకి వెళ్తోంది. ఇన్నేళ్లూ ఆమె కుట్టింది చొక్కా చేతులే. కాలరు ఒకరి పని, జేబు ఇంకొకరి పని. "నాకో చొక్కా కుట్టిపెట్టవే," అని మొగుడు ఓసారి ముచ్చటపడి అడిగితే, "చేతులు కుట్టిపెడతా, మిగతాది ఇంకెవర్నైనా అడుక్కో," అని నవ్వేసింది. నవ్విందేగానీ ఆ మాట ఆమెకే గుచ్చుకుంది.

అలా, చొక్కా మొత్తం కుట్టడం ఒకరికొకరు నేర్పుకోవాలని, ఆమె ఫోనులో ఓ గ్రూపు మొదలుపెట్టింది. కాలర్లు కుట్టే పెద్దావిడ వీడియో పెట్టింది. జేబులమ్మాయి జేబు సంగతి చెప్పింది. మెల్లగా ముక్కూ మొహం ఎరగనివాళ్లూ వచ్చి చేరారు. తప్పు కుట్టినవాళ్లు సిగ్గుపడకుండా ఫొటో పెడితే, "విప్పెయ్ వదినా, మళ్లీ కుడదాం," అని ఎవరో ఒకరు బదులిచ్చేవారు. ఈమధ్యే జేబులమ్మాయి చొక్కా మొత్తం కుట్టడం నేర్చుకుని, పని మానేసి ఇంట్లోనే మిషను వేసుకుంది.

"ఆ జేబుల పిల్ల నీ వల్లే పోయింది. పైవాళ్లు నా ప్రాణం తోడేస్తున్నారు," అన్నాడు సూపర్‌వైజరు గది తలుపు మూసి. గొంతులో కోపం కంటే భయమే ఎక్కువగా ఉంది. "గ్రూపు మూసేస్తున్నానని నీ నోటితోనే చెప్పు. లేదంటే రేపు గేటు దగ్గరే ఆపేస్తారు."

"పనిలో ఉండగా నేను ఫోను ముట్టుకోను సార్."

"నేనడిగింది అది కాదు."

ఆమె గ్రూపు తెరిచింది. అప్పుడే వచ్చిన మెసేజిలో ఎవరిదో కొత్త గొంతు, వెనక పసిపిల్ల ఏడుపు: "అక్కా, చెయ్యి అతికిస్తుంటే భుజం దగ్గర ముడతలొస్తున్నాయి. విప్పీ విప్పీ గుడ్డ చిరిగేలా ఉంది. నాకిక రాదేమో."

సూపర్‌వైజరు ఫోను లాక్కుని, రికార్డింగు గుర్తు మీద బొటనవేలు అదిమిపెట్టి ఆమె నోటి దగ్గర ఉంచాడు. "ఊఁ, చెప్పు."

నడుం పడిపోయి మంచానికి అతుక్కుపోయిన మొగుడు గుర్తొచ్చాడు. కూతురి చదువు గుర్తొచ్చింది. మూసేస్తున్నానన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"ఎందుకు రాదు తల్లీ," అంది. "చేతి గుడ్డ కింద పెట్టు, ఒంటి గుడ్డ పైన పెట్టు. లాగకు. మిషనే మెల్లగా సర్దుకుంటుంది..."

అతను ఉలిక్కిపడి వేలు తీసేశాడు. వేలు లేవగానే మాట గ్రూపులోకి వెళ్లిపోయింది.

"ఎంత పని చేశావ్!" అన్నాడు. ఫోను తిరిగివ్వలేదు.

ఆమె తన చోటుకి వచ్చింది. కుట్టాల్సిన చేతుల కట్ట అప్పటికే పక్కావిడ బల్ల మీదికి మారిపోయింది. కూర్చోమని ఎవరూ అనలేదు, పొమ్మనీ అనలేదు. ఆమె కూర్చుంది. గది తలుపు వెనక ఫోను టింగుమంది. కాసేపటికి మళ్లీ టింగుమంది.