తాడు లోపలి పన

జీవరత్నమ్మ యాభై రెండేళ్ల వయసులో మనసు పారేసుకుంది. మొగుడు వరప్రసాదు ఏమీ అనుకోలేదు, ఎందుకంటే ఆమె మనసు పారేసుకున్నది వరినాటు మిషను మీద.

నిమ్మాడ చుట్టుపక్కల పొలాల్లో ముప్పై ఏళ్లుగా నడుం వంచి నారు నాటిన మనిషి ఆమె. ఉడుపులు ముగిసేసరికి నిటారుగా నిలబడటం ఎలాగో మరిచిపోయేది. ఆదివారం చర్చిలో పాటకు అందరూ లేస్తే తాను సగమే లేచేది. అలాంటిది ఈ ఏడు జూలైలో వ్యవసాయ పరిశోధన వాళ్లు ఒక మిషను తెచ్చి, నడపడానికి ఊళ్లో ఆడమనిషి కావాలన్నారు. మిగతావాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ ఉండగానే జీవరత్నమ్మ చీర కుచ్చెళ్లు ఎగదోపి సీటెక్కి కూర్చుంది. మిషను కదిలింది. వెనకాల ఎనిమిది వరసలు ఒక్కసారే పడ్డాయి.

"ఓలమ్మ! కూకోని నాటేత్తన్నాను!" అని ఆమె అరిచిన అరుపు కోటబొమ్మాళి స్టేషన్లో ఆగిన రైలుకు కూడా వినబడిందని ఊళ్లో చెప్పుకుంటారు. అబద్ధమే కానీ, చెప్పుకోవడానికి బాగుంటుంది.

మిషను ఊరికే రాలేదు, ఒక షరతు మీద వచ్చింది. పరిశోధన పని చూసే అమ్మాయి పేరు శిరీష. పలాస పిల్ల, పాతికేళ్లుంటాయి, నెత్తిన టోపీ, చేతిలో రాసుకునే అట్ట. జీవరత్నమ్మ వాళ్ల పొలంలో ఒకే విత్తనంతో, ఒకే ఎరువుతో రెండు మడులు వేయించింది. ఒకటి మిషను నాటు, రెండోది చేతినాటు. చేతినాటు ముఠాకు పెద్ద రాజకుమారి. జీవరత్నమ్మకు వదిన, ముప్పై ఏళ్లుగా పక్కపక్కనే వంగిన మనిషి. మిషను మడిలో దిగుబడి చేతినాటు కంటే తగ్గకపోతే మిషను ఊరి మహిళా సంఘానికే ఉంటుంది. తగ్గితే లారీ ఎక్కి వెళ్లిపోతుంది.

పంట పండింది. శిరీష వచ్చి ప్రతి మడి నడిమధ్యన అయిదు మీటర్ల చదరం కొలిచి, నాలుగు కర్రలు పాతి, చుట్టూ తాడు కట్టింది.

"ఆంటీ, శనివారం పొద్దున్న వచ్చి ఈ తాడు లోపలి పంట కోయించి తూస్తాను. అప్పటిదాకా లోపల ఒక్క కంకి కూడా ముట్టుకోకూడదు. ముట్టుకుంటే ప్రయోగం రద్దు" అంది.

"నానెందుకు ముట్టుకుంతాను మేడమ్మా, నాకేటి మతిపోయిందా?" అంది జీవరత్నమ్మ.

మతి పోలేదు. భక్తి అడ్డొచ్చింది. ఆ ఆదివారమే చర్చిలో కోత పండగ. ఏ చేలోనైనా ఇంటి కోసం కొడవలి పెట్టకముందే మొదటి పన, అంటే రెండు చేతుల నిండా పట్టే వరికట్ట, దేవుడికి చెందాలి. ఇది వాళ్ల తాతల నాటి కట్టుబాటు. పైగా మొదటిసారి సీటెక్కిన రోజునే ఆమె మొక్కేసుకుంది, 'ప్రభువా, ఈ మిషను మడిలో మొదటి పన నీదే' అని. ఇప్పుడు చూస్తే శనివారం కోత శిరీషది. అంటే మొదటి కొడవలి పరిశోధనకు, మిగిలింది దేవుడికా? జీవరత్నమ్మకు శుక్రవారం అన్నం సయించలేదు.

మధ్యాహ్నం కొడవలి పట్టుకుని మడిలోకి వెళ్లింది. తాడు బయటే కోద్దామనుకుంది, నిజంగానే అనుకుంది. తీరా చూస్తే గట్టు వారనున్న కంకులను మేకలు కొరికి వదిలాయి. అటు పక్క దుబ్బులు సగం తాలు. మేక ఎంగిలి దేవుడికి ఎలా ఇస్తుంది? తాడు లోపల మాత్రం కంకులు బరువుకు వంగి బంగారంలా ఉన్నాయి. ఇంత మడిలో ఒక్క పన ఎంత, సముద్రంలో కాకిరెట్ట అనుకుని తాడు దాటింది. ఒకచోటే కోస్తే తెలిసిపోతుందని ఇక్కడొక దుబ్బు, అక్కడొక దుబ్బు ఏరింది. ఏరినవన్నీ మంచివే. తన పద్ధతిలో ఎడమచేతి ముడి వేసి, పన నెత్తిన పెట్టుకుని పాట పాడుకుంటూ చర్చికి పోయింది.

శనివారం పొద్దున్న శిరీష కాటాతో దిగింది. వదినా మరదళ్లిద్దరూ మనుషుల్ని పెట్టి కోయించారు, టార్పాలిన్ మీద కొట్టారు, చేటలతో చెరిగారు. చేతినాటు మడి ముందు తూచారు. పదమూడు కిలోల ఆరువందల గ్రాములు. తర్వాత మిషను మడి. కాటా మీద అంకెలు అటూ ఇటూ ఆడి పన్నెండు కిలోల మూడువందల దగ్గర ఆగిపోయాయి.

శిరీష మళ్లీ తూచింది. అదే. బస్తా దింపి, కాటా సున్నాకు తెచ్చి మూడోసారి తూచింది. అదే.

"ఇంత తేడానా! ఎదిగేటప్పుడు రెండూ సమానంగానే ఉన్నాయి కదా" అని ఆ పిల్ల టోపీ తీసి నుదురు రుద్దుకుంది. "అయితే మిషనులోనే ఏదో లోపముంది ఆంటీ. దుబ్బుకు మొక్కలు తక్కువ పెడుతోందేమో. అలాగే రాస్తాను."

జీవరత్నమ్మ లోపల్లోపల లెక్క వేసుకుంది. నోరు మూసుకుంటే తూకం తక్కువని మిషను పోతుంది. నోరు తెరిస్తే తాడు దాటిందని ప్రయోగమే రద్దవుతుంది, అప్పుడూ మిషను పోతుంది. ఎటు చూసినా పోయేదే. అయినా పోయేముందు దాన్ని దొంగలా నిలబెట్టి మాటలంటుంటే ఆమెకు ఊరుకోబుద్ధి కాలేదు. అది ఒక్క మొక్క తప్పు నాటలేదని ఆమె కళ్లతో చూసింది.

"దానిదేటీ తప్పు లేదు మేడమ్మా" అంది కాటా ముందుకొచ్చి. "తప్పు నాది. తాడు లోపల మంచి దుబ్బులేరి ఒక పన కోసీసినాను. దేవుడికిచ్చీసినాను."

శిరీష చేతిలో అట్ట జారి వరిగడ్డిలో పడింది.

"ఓలె రత్నం!" అని రాజకుమారి రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది. "కోత్తే కోసినావు, తాడు లోపలే దొరికిందా నీకు?"

"బైట మేకలు కొరికినాయి వదినా."

"ఆ పన ఇప్పుడెక్కడుంది?" అంది శిరీష.

"సర్చిలో."

ఆ మాట వినగానే శిరీష అట్టా కాటా ఎత్తి చంకలో పెట్టుకుని గట్టు మీద పరుగు తీసింది. వెనక జీవరత్నమ్మ, ఆ వెనక చేట పట్టుకున్న రాజకుమారి, ఆ వెనక కోతకొచ్చిన ఎనిమిది మంది. ఎందుకు పరిగెడుతున్నామో సగంమందికి తెలీదు. తెలియకపోయినా పరుగు ఎవరూ తగ్గించలేదు.

చర్చిలో పాస్టరు శాంతికుమార్‌గారు పండగ సామాన్లు సర్దిస్తున్నారు. గుమ్మడికాయలు, ఉద్దానం కొబ్బరిగెలలు, జీడిపిక్కల సంచులు, అక్కుపల్లి అల్లుడెవరో పంపిన ఎండుచేపల బుట్ట, దాని పక్కనే ఆశగా కూర్చున్న పిల్లి. గోడ వారన ఇరవై పనలు నిలబెట్టి ఉన్నాయి. వాటి మీద పిచ్చుకలు ఆదివారం దాకా ఆగకుండా విందు మొదలుపెట్టేశాయి.

"హుష్! హుష్! అది డేటా!" అని శిరీష కాటాతో సహా వాటి మీదికి దూకింది.

పాస్టరుగారు విషయం విని గడ్డం సవరించుకున్నారు. "దేవుడికిచ్చింది వెనక్కి తీసుకోవడం నేను ఒప్పుకోలేనమ్మా."

"తీసుకోం అయ్యగోరూ, తూసుకుంతాం, అంతే" అంది జీవరత్నమ్మ చేతులు జోడించి. "దేవుడి సరుకు దేవుడి ఎదరే తూసి దేవుడికే వదిలేత్తాం."

"తూచడానికి నాకేం అభ్యంతరం లేదు. కానీ ఇరవైలో నీది ఏదని నమ్మడం?"

జీవరత్నమ్మ ఒక పన తీసి చూపించింది. అదే తనదన్న రుజువేమిటని శిరీష అడిగింది. పెద్ద పన చూపించి గట్టెక్కాలనుకుంటే ఎవరాపుతారు? అందరూ రాజకుమారి వైపు తిరిగారు. ఆమె తల అడ్డంగా ఊపితే గెలుపు చేతినాటుదే. మిషనొస్తే తన ముఠా చేతులకు పనేముంటుందని జూలై నుంచీ దిగులు పడుతున్న మనిషి మరి. రాజకుమారి ముడి పట్టుకుని తిప్పి చూసి నిట్టూర్చింది.

"దీందే. ఎడంసేతి ముడి. ముప్పై ఏళ్లు దీని పక్కనే కోసినాను, ఈ ముడి నాకు తెలీదేటి? నా ముడి కన్నా వంకర!"

పన కొట్టడానికి బల్ల కావాలి. పాస్టరుగారు ప్రసంగ వేదికకు అడ్డంగా నిలబడి, "ఇది తప్ప ఏదైనా" అన్నారు. ఆడవాళ్ల వైపు బెంచీ ఒకటి లాగారు. దభీ దభీమని జీవరత్నమ్మ కొడుతుంటే గింజలు గుమ్మడికాయల మీదికి ఎగిరాయి. రాజకుమారి ఫ్యాను ముందు నిలబడి చెరిగింది. పొట్టంతా పోయి పాస్టరుగారి తెల్లచొక్కా మీద పడింది. పిల్లి ఈ సందట్లో చేప ఒకటి నోట కరుచుకుని వెళ్లిపోయింది, దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

శిరీష గింజల్లో తేమ చూసి, కాటా మీద పోసింది. చర్చి మొత్తం కాటా మీదికి వంగింది.

"కిలో నాలుగొందలు" అని ఆమె అట్ట మీద కూడింది. "మొత్తం పదమూడు కిలోల ఏడొందలు. చేతినాటు పదమూడు ఆరొందలు."

"వందగ్రాములు మనకే ఎక్కువ!" అని వరప్రసాదు ఎక్కడి నుంచి ఊడిపడ్డాడో గానీ కేకేశాడు. పాస్టరుగారు అసంకల్పితంగా "హల్లెలూయ" అనేశారు.

శిరీష మొహం మాత్రం విప్పారలేదు. తనకూ సంతోషంగానే ఉంది, కానీ ముట్టుకుంటే రద్దన్న మాటా తనదే, అదే బాధ. పరిశోధన కేంద్రంలో పెద్దసారుకు ఫోను చేసి, అందరికీ వినబడేలా పెట్టి, జరిగింది జరిగినట్టు చెప్పింది.

"గింజ కొట్టింది ఎక్కడ?" అన్నారు సారు.

"చర్చిలో సార్."

"సాక్షులున్నారా?"

"ఊరంతా ఉంది సార్."

"ఎంతమంది ఉన్నా లాభం లేదు శిరీషా. తాడు లోపల ముందే కోత పడింది, అదీ ఏరి కోసింది. ఈ సీజను అంకెలు కొట్టేయండి."

జీవరత్నమ్మ బెంచీ మీద కూలబడింది. కళ్ల నీళ్లు ఆగలేదు. తన భక్తే తన కొంపముంచిందని ఏడుపొచ్చింది, దేవుడి ఇంట్లో ఆ మాట అనలేక ఇంకా ఏడుపొచ్చింది.

"అయితే మిషను తీసుకొచ్చేయమంటారా సార్?" అంది శిరీష నీరసంగా.

"తీసుకొచ్చేసి మళ్లీ ప్రయోగం దేంతో చేస్తారు? తేలని ప్రయోగం మళ్లీ చేయాలి కదా. వచ్చే ఖరీఫుకు మొదటి నుంచీ చేయండి. అదే పొలం, అదే మిషను. నడిపే మనిషి కూడా మారకూడదు."

ఫోను ఆగిపోయింది. అందరికంటే ముందు అర్థమైంది రాజకుమారికే. చేట గిరవాటేసి మరదలి భుజాలు పట్టి ఊపేసింది.

"ఓలె రత్నం! ఏడుపాపు! నువ్వు మారకూడదంట!"

ఆ తర్వాత అక్కడ జరిగింది ఆరాధనా కాదు, అల్లరీ కాదు. జీవరత్నమ్మ ముందు వదినను, తర్వాత శిరీషను, ఆ ఊపులో పాస్టరుగారిని కూడా కౌగలించుకోబోయి, చివరి క్షణంలో గుమ్మడికాయను వాటేసుకుంది. వచ్చే ఏడు మడిలో తాడు కట్టకముందే దేవుడి వాటా ఎక్కడో తేల్చి చెప్పమని శిరీష అరుస్తూనే ఉంది, వినేవాళ్లు లేరు.

అందరూ మిషను పెట్టిన షెడ్డు దగ్గరికి పోయారు. జీవరత్నమ్మ మిషను స్టార్టు చేసి సీటెక్కబోయి, ఆగి, వదిన వైపు చూసింది. జూలై నుంచీ రాజకుమారి దాని దరిదాపులకు రాలేదు, దాని మీద చెయ్యైనా వేయలేదు.

"రా వదినా, ఎక్కు."

"నాకెందుకే ఈ ఇనప గేదె?" అంది రాజకుమారి. అంటూనే కుచ్చెళ్లు దోపుకుంది.

జీవరత్నమ్మ పక్కన నడుస్తూ హ్యాండిలు మీద చెయ్యి వేసి పట్టుకుంది. మిషను ఊగుకుంటూ పొలాల బాట ఎక్కింది. దాని నత్తనడకకు ముందు నడుస్తున్న పాస్టరుగారు ఎప్పుడో దూరమైపోయారు. రాజకుమారి సీటు మీద బిగుసుకుని కూర్చుని, చాలాసేపు ఒక్క మాటా ఆడలేదు. ఆమె నోరు మూతపడటం ఊళ్లో ఎవరూ చూడలేదు గనక జీవరత్నమ్మకు భయమేసింది.

"ఏటైంది వదినా?"

"ఏటీ నేదే" అంది రాజకుమారి, కళ్లు దూరంగా పెట్టి. "ఇక్కడ కూకుంటే సేను అవతలి గట్టు దాకా అగుపిత్తాది."