కూర్మారావు మార్చిన రంపం

నేను ఒక చెట్లు కోసే రంపం మిషన్‌ని. పెట్రోలు తాగుతాను, గొలుసు తిప్పుతాను, అడ్డొచ్చినదాన్ని రెండు చేస్తాను. ఒకే రోజున, ఒకే బల్ల మీద, నాతోపాటు మరొకటి తయారైంది. అచ్చం నాలాంటిదే. మా ఇద్దర్నీ సోంపేట దారిలో ఇంజన్లు బాగుచేసే కూర్మారావు కొన్నాడు.

అతనికి అవసరమైంది ఒక్క మిషనే. రెండు ఎందుకని భార్య అడిగితే, “ఒకదాన్ని మారుస్తాను, రెండోదాన్ని ముట్టుకోను. తేడా ఎలా తెలుస్తాది మరి?” అన్నాడు. మనుషులు పక్కన మరొకరిని నిలబెట్టుకోకుండా తమ గొప్ప కూడా కొలుచుకోలేరని నాకు ఆనాడే తెలిసింది.

అతను నన్ను బల్ల మీద పరిచి విప్పాడు. సిలిండర్‌లోంచి పొగ పోయే దారిని ఆకురాయితో అరగదీసి వెడల్పు చేశాడు. సైలెన్సర్‌కి ఇంకో రంధ్రం పెట్టాడు. గొలుసులో ప్రతి పన్ను ముందూ ఉండే చిన్న బొడిపెను తగ్గించాడు. దాంతో పన్ను ఇదివరకటి కంటే లోతుగా కొరికేది. తర్వాత మా ఇద్దర్నీ ఒకే చింత దుంగ మీద పెట్టి, ఫోనులో సెకన్లు చూశాడు. నా జోడీకి ముప్పై నాలుగు పట్టింది. నాకు ఇరవై మూడు.

అక్కడితో ఆగితే బాగుండేది. కార్బొరేటర్ స్క్రూ బిగించి పెట్రోలు తగ్గిస్తే ఇంజను ఇంకా గట్టిగా అరుస్తుందని అతనికి తెలుసు. నాకు అందే నూనె ఆ పెట్రోల్లోనే కలిసి వస్తుందనీ, అది తగ్గితే పిస్టన్ కాలి బిగుసుకుపోతుందనీ కూడా తెలుసు. అయినా బిగించాడు. పద్దెనిమిది.

కోసేది మాత్రం అతను కాదు, బావమరిది డిల్లేశు. జీడితోటల్లో, కొబ్బరితోటల్లో చెట్లు కొట్టడమే అతని పని. మూడోసారి నన్ను పట్టుకున్నప్పుడు నా కొస దుంగకి తగిలి, ఒక్కసారి పైకి ఎగిరి అతని చెవి పక్కనుంచి పోయాను. డిల్లేశు నన్ను కింద పెట్టి చెవి తడుముకున్నాడు.

“బావా, ఇది నా మాట ఇనట్లేదు. నాకు రెండోదే ఇచ్చీ.”

“బెదిరిపోకు. అలవాటైపోతాది.”

“అలవాటయ్యేలోపు నా తల ఉండాల కదా!”

కూర్మారావు నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చింది; అప్పట్లో నాకూ పొగరుండేది.

ఆ కార్తీకంలో తుపాను వచ్చింది. తెల్లవారేసరికి గాలి తగ్గింది గానీ వాన ఆగలేదు. తెగిన కరెంటు తీగలు చూడ్డానికి బయల్దేరిన లైన్‌మన్ సింహాద్రి గెడ్డ దాటుతుండగా, ఒడ్డున వేళ్లు వదులైన పనస చెట్టు అతని మీదికి ఒరిగింది. కుడికాలు గట్టు రాళ్ల మీద మాను కింద ఇరుక్కుంది. ఒళ్లు కిందికి జారి నడుం వరకు నీళ్లలో ఉంది. కొండమీది వాననీరు దిగుతోంది. కబురు రాగానే బావా బావమరుదులు మా ఇద్దర్నీ ఎత్తుకుని పరుగెత్తారు.

కాలికి అటూ ఇటూ రెండు చోట్ల మాను కోసి, మధ్య ముక్కని తాళ్లతో లేపాలి. ముక్క దిగిపోకుండా ఊరివాళ్లు కింద రాళ్లు పేర్చారు. మొదటి కోత డిల్లేశు నా జోడీతో కోశాడు. అది నిదానంగా, నమ్మకంగా కోసింది. అప్పటికి నీళ్లు సింహాద్రి రొమ్ముకి చేరాయి. రెండో కోత సగంలో ఉండగా మాను బరువుకి సందు మూసుకుపోయి, నా జోడీ గొలుసు తిరిగే పట్టీ అందులో కరుచుకుపోయింది. లాగినా రాలేదు.

ఇక నేనే మిగిలాను. పైనుంచి కోస్తే మళ్లీ కరుచుకుంటుంది. కింది నుంచి పైకి కోయాలి, అదీ సింహాద్రి తొడకి జానెడు దూరంలో. డిల్లేశు నా వైపు చెయ్యి చాపాడు. ఆ చెయ్యి సగంలో ఆగి చెవి తడుముకోవడం కూర్మారావు చూశాడు.

“నువ్వుండు. దీన్నిలా సేసింది నాను. నానే పడతాను.”

నన్ను స్టార్ట్ చేసి, మాను దగ్గరికి పోకుండా జేబులోంచి స్క్రూడ్రైవర్ తీశాడు. ఒడ్డు మీదివాళ్లు అరిచారు.

“ఇప్పుడేటి రిపేరు! నీల్లు మెడకాడికి వొచ్చీసినాయి!”

అతను తల ఎత్తలేదు. వానలో వేళ్లు జారుతున్నాయి. కార్బొరేటర్ స్క్రూని వెనక్కి పావు చుట్టు, మరో పావు చుట్టు తిప్పాడు. నా అరుపు బొంగురుపోయింది, వేగం తగ్గింది. ఇన్నాళ్లూ ఒక్కొక్క సెకనూ గీకి సంపాదించినవాడు, ఒక మనిషి గొంతుదాకా మునిగి ఉండగా వాటిని తిరిగి ఇచ్చేస్తున్నాడు.

“సింహాద్రీ, కదలకు. నన్నే సూడు.”

“బేగి కొయ్, బాబూ,” అన్నాడు సింహాద్రి. గడ్డం పైకెత్తి పెట్టుకున్నాడు.

నీళ్లకి ఇంకా పైనే ఉన్న మాను అడుగుకి నన్ను ఆనించాడు. నా కొస ఎక్కడా తగలకుండా, మోచేతులు పక్కటెముకలకి బిగించి పట్టుకున్నాడు. అతని గుండె కొట్టుకోవడం పిడిలో తెలిసింది. పసుపు పొట్టు నీళ్లలో కొట్టుకుపోయింది. ఒకసారి ఎగరబోయాను, అణిచాడు. సిలిండర్ కాగిపోతోంది. ఇంకా నాలుగు వేళ్ల మందం ఉంది. మూడు. లోపల పిస్టన్ గీసుకుంటున్న చప్పుడు నాకూ అతనికీ వినబడింది. అతను ఆపలేదు, బలవంతంగా నొక్కనూ లేదు. మాను ఫెళ్లుమంది. ఇరవైమంది తాడు లాగారు. సింహాద్రిని డిల్లేశు చంకల కింద పట్టి ఒడ్డుకి ఈడ్చాడు. నేను కూర్మారావు చేతుల్లోనే బిగుసుకుపోయాను.

తర్వాత నన్ను విప్పి పిస్టన్ మీది గీతలు చూశాడు. కొత్తది తెప్పించలేదు. తుడిచి షాపులో అరమీద పెట్టాడు. నా జోడీ పట్టీ సాఫు చేసుకుని మళ్లీ పనిలో పడింది. తమ మిషన్ని నాలా మార్చమని ఎవరైనా అడిగితే కూర్మారావు, “పట్టుకునేది ఎవరు?” అని అడుగుతున్నాడు. నేనేనంటే ఒప్పుకుంటాడు. కూలివాడంటే, ఆ కూలివాణ్ని తీసుకురమ్మంటాడు.

ఐదు నెలలకి సింహాద్రి చేతికర్రతో వచ్చాడు. నన్ను చూస్తానన్నాడు. అర దగ్గర నిలబడి నా పిడి మీద చెయ్యి వేశాడు. సరిగ్గా అప్పుడే, అతను వచ్చిన సంగతి తెలియని డిల్లేశు పెరట్లో నా జోడీని స్టార్ట్ చేసే తాడు లాగాడు. ఆ మోతకి సింహాద్రి ముఖం పాలిపోయింది. కర్ర జారిపోయింది. గడ్డం పైకెత్తి, మెడ సాచి, రెండు చేతులతో అర పట్టుకుని నిలబడిపోయాడు.

“ఆపరా!” అని కూర్మారావు కేకేశాడు.

మోత ఆగింది. సింహాద్రి గడ్డం మాత్రం వెంటనే దిగలేదు. కూర్మారావు దగ్గరికి వెళ్లాడు. కర్ర తీసి చేతికిచ్చి, అతని వెన్ను మీద చెయ్యి వేసి అలాగే ఉండిపోయాడు.

నేను చేసిన పనికి నన్ను మెచ్చుకున్నవాళ్లు చాలామంది వచ్చారు. నా గొంతు ఇంకెప్పుడూ లేవదని నేను సంతోషించింది మాత్రం ఆ మధ్యాహ్నమే.