అత్తగారి మంచం కింద నేల

ఎక్కడ మకాం వేసినా పొద్దున్నే కోడలు చేసే మొదటి పని, చెప్పులు విప్పి ట్రైలర్ నేలంతా నొక్కుతూ నడవడం. ప్లైవుడ్ మెత్తబడితే కాలికే తెలుస్తుంది. ఆ ట్రైలరే వాళ్ల ఇల్లు. మొగుడు కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. ఇంటిని జీపుకి తగిలించుకుని ఊరూరా తిరగడమే బతుకు. ఈసారి వెనక మూల, అత్తగారి మంచం కింద, నేల జానెడు కుంగింది.

అత్తగారు బక్కపలచని మనిషే. కాకపోతే మాట దిగమింగితే ఒళ్లు బరువెక్కుతుంది. ఆవిడ పుట్టింటి ఆడవాళ్లంతా అంతే, కొందరి ఇళ్లలో పిల్లికళ్లు వచ్చినట్టు. చిన్నాచితకా అలకలకి మంచం కిర్రుమని ఊరుకునేది. ఇప్పుడు ఆవిడని కదిపే దమ్ము ఎవరికీ లేక, మంచం మీదే ఉంచి ట్రైలర్‌ని వెల్డింగ్ షెడ్డుకి తీసుకొచ్చారు.

వెల్డరు ఆ మూల కింద జాకీ పెట్టి, చాసిస్ కిందికి దూరి చూసి వచ్చాడు.

"అడ్డపట్టీ చీలిందమ్మా. అతుకు మీద అతుకు వేయించారు. ఇనుము పెరిగేకొద్దీ బండికే కదా బరువు? ఇంతకీ పెద్దావిడ ఏం మింగారు?" జ్వరమా అని అడిగినంత మామూలుగా అడిగాడు.

"చెబితే ఇక్కడిదాకా ఎందుకొస్తాం!" అంది కోడలు. అనగానే గుర్తొచ్చింది. మొన్న మధ్యాహ్నం, ఆవిడ కునుకు తీస్తోందనుకుని మొగుడు అన్నాడు: "అమ్మని ఇక అక్క దగ్గర వదిలేద్దాం. తనకి ఫోన్ చేసి చెప్పాను. చాసిస్ విరిగితే రోడ్డున పడతాం." తనూ ఊఁ కొట్టింది. ట్రైలర్లో గోడంటే అట్టముక్క. మర్నాటికల్లా నేల కుంగింది.

సిగ్గుతో ఆమెకి ప్రాణం చచ్చిపోయింది. లోపలికెళ్లి మంచం పక్కన చతికిలబడింది.

"అత్తయ్యా, ఊఁ కొట్టడం నాదే తప్పు. మీరు వెళ్లిపోతే నేనెవరితో పోట్లాడను? మీ అబ్బాయికి మిషన్లతో తప్ప మాటలు రావు. మీరు నాకు కావాలి."

ముసలావిడ కోడలి వైపు తిరిగింది.

"నేను పోనే అమ్మాయ్. నా కూతురు మంచిదే, కాదన్ను. కానీ దాని ఇల్లు కదలదు. నాకు మీతో తిరగాలనుంది," అంది.

చక్రాల మీది కమాన్ పట్టీలు మూలుగుతూ పైకి లేచాయి. నేల సమమైంది. కింద జాకీ వదులై పక్కకి ఒరిగింది.

వెల్డింగ్ పెట్టాలంటే లోపల మనుషులుండకూడదు. కొడుకు అమ్మని దింపడానికి వచ్చాడు. అలవాటు కొద్దీ నడుం బిగించి, పళ్లు కరిచి ఎత్తాడు. అంత బలం అక్కర్లేకపోయింది. అమ్మ చంటిపిల్లలా చేతుల్లోకి వచ్చేసింది. ఆ విసురుకి తనే వెనక్కి తూలాడు. ఆవిడని షెడ్డు మధ్యకి తెచ్చి, దించడం మరిచి నిలబడిపోయాడు. కళ్లనిండా నీళ్లు.

"దించరా, నలుగురూ చూస్తున్నారు," అంది తల్లి.

దించలేదు.

"నా జేబులో ఫోనుంది, తియ్యి," అన్నాడు పెళ్లాంతో. "అమ్మ రావట్లేదని అక్కకి చెప్పు."